బోసి చక్రాల మోజు

"వానలే లేని సీమలో మడ్‌గార్డెందుకమ్మా?" అంటారు సైకిళ్ళమ్మేవాళ్ళు. అనడమే కాదు, మడ్‌గార్డు లేకపోవడమే స్టయిలని పిల్లల చేత నమ్మించేశారు కూడా. లావు టైర్లు, అడ్డంగా నిటారుగా ఉన్న హేండిలు, పైన ఏ కప్పూ లేకుండా బోసి చక్రాలు! కొండలెక్కడానికి చేసిన బండి అది. మా బెళుగుప్ప పిల్లలు దానిమీద వెళ్ళేదేమో బడికీ, ట్యూషనుకీ.

నిజమే, అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్లు. అందులోనూ సెప్టెంబరుదే పెద్ద వాటా. సరిగ్గా అందుకే మడ్‌గార్డు కావాలంటాను! రోజూ వాన కురిసే ఊళ్ళో బురదైతే ఉంటుంది గానీ, ఉతకడానికి నీళ్ళూ ఉంటాయి. మనకు బురద కొద్దిరోజులే, నీళ్ళ కటకట ఏడాది పొడుగునా. హంద్రీ-నీవా కాలువ పుణ్యమా అని కృష్ణ నీళ్ళు మా మండలంలో జీడిపల్లి రిజర్వాయరు దాకా వచ్చాయి, సంతోషం. అక్కణ్ణించి మన పెరట్లో బకెట్లోకి వాటంతటవి నడిచి రావు కదా!

వెనకచక్రం చిమ్మిన నల్లరేగడి బురద నడుము నుంచి మెడదాకా చారగా పడితే, ఆ తెల్లచొక్కా తెల్లబడడానికి ఎన్ని బిందెలు పడతాయో సైకిలు కొనిచ్చిన నాన్నగారెప్పుడైనా లెక్కవేశారా? ఆ లెక్క అమ్మది. ఇక ఆడపిల్లయితే, లంగా వెనక ఆ మరకతో క్లాసులోకి నడవడం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? 2016-17లో 'బడికొస్తా' అంటూ ప్రభుత్వ బడుల్లోని ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చారు. పిల్ల సైకిలెక్కి చదువుకోడానికి వెళ్తోందంటే ముచ్చటే. మరి వానరోజున ఆ పిల్ల ఇంట్లో కూర్చోకుండా చూసేది ఆ రేకుముక్కే.

హాలండులో ఆడా మగా రోజూ సైకిలు మీదే తిరుగుతారు. అక్కడి మామూలు సైకిళ్ళకు మడ్‌గార్డులే కాదు, గొలుసుకు కప్పూ, వెనకచక్రంలో బట్ట చిక్కుకోకుండా తెరా ఉంటాయి. మన తాతలనాటి నల్ల సైకిళ్ళకు లేవూ? వాటిని మోటు అని నవ్వి అవతల పారేశాం.

"నల్లరేగడిలో మడ్‌గార్డుంటే బంకమట్టి ఇరుక్కుని చక్రం తిరగదమ్మా" అంటారు రైతులు. అది మాత్రం ఒప్పుకోవలసిన మాటే. అయితే దానికి మందు రేకు పీకెయ్యడం కాదు, కమ్ములు సర్ది కాస్త పైకెత్తించడం. ఎర్రనేలలో టైరుకూ రేకుకూ మధ్య వేలు దూరితే చాలు, రేగట్లో రెండు వేళ్ళ సందుండాలి. అప్పటికీ ఇరుక్కుంటే దిగి కందిపుల్లతో గీకెయ్యొచ్చు. సీటు కింద పిట్టతోకలా ఓ ప్లాస్టిక్ ముక్క తగిలించి "ఇదే మడ్‌గార్డు" అంటే మాత్రం నమ్మకండి. అది వీపును కాస్త కాపాడుతుందేమో గానీ, ముందుచక్రం ఎగజిమ్మే బురద కాళ్ళమీదా గొలుసుమీదా పడుతూనే ఉంటుంది. ఇసుక కలిసిన ఆ బురదతో గొలుసు త్వరగా అరిగిపోతుంది, ఆ ఖర్చు వేరే.

కొనేటప్పుడే రెండు చక్రాలకూ నిండు మడ్‌గార్డులు బిగించమనండి. ముందుదాని చివర కిందికి వేలాడేలా జానెడు రబ్బరు ముక్క కట్టించండి. పంక్చరు షాపులో పాత ట్యూబులు కుప్పలుగా పడి ఉంటాయి. దానికి కూడా డబ్బులడిగితే ఇవ్వకండి.