మూసీ హద్దు ఎక్కడ?

2024 సెప్టెంబరు చివర్లో హైదరాబాద్‌లోని చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల గోడల మీద మూసీ నది అభివృద్ధి ప్రాజెక్టు సర్వే సిబ్బంది ఎర్రరంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాసి వెళ్లారు. ఆ ఇల్లు నదీగర్భంలో ఉంది, ఖాళీ చేయాలి అని దానర్థం. కొత్తపేట, చైతన్యపురి వైపు వచ్చేసరికి జనం అడ్డం తిరిగారు. కొన్నిచోట్ల గుర్తులు చెరిపేశారు.

ఈ సర్వేలోకి వచ్చినవాళ్లంతా ఒకే రకం కాదు. చాదర్‌ఘాట్ బస్తీల్లో చాలామందికి పట్టాల్లేవు. చేతిలో ఉన్నది కరెంటు బిల్లు, ఓటరు కార్డు. కొత్తపేట వైపు కాలనీల్లో రిజిస్ట్రేషన్ కాగితాలు, ఇంటిపన్ను రసీదులు, ఇంకా తీరని బ్యాంకు లోన్లు ఉన్నాయి. ఇద్దరికీ ప్రభుత్వం మొదట చూపించింది మాత్రం డబుల్ బెడ్రూం ఫ్లాటు, 560 చదరపు అడుగులు. కింద తల్లిదండ్రులు, మీద ఇద్దరు కొడుకుల కాపురాలు, ఆపైన అద్దె పోర్షన్ ఉన్న ఇంటికి ఇది ఎలా సరితూగుతుంది? అద్దె మీదే పూట గడిచే ముసలివాళ్ల సంగతేమిటి? అలాగని ఎవరూ కదలబోమన్నారనీ కాదు. శంకర్‌నగర్ నుంచి కొన్ని కుటుంబాలు దగ్గర్లోని పిల్లిగుడిసెలు డబుల్ బెడ్రూం టవర్లకు వెళ్లిపోయాయి. అక్కడి నుంచైతే పాత పనులకు ఇబ్బంది లేదు. ఇల్లు మారడం కంటే కూలిపని పోవడమే జనాన్ని ఎక్కువ భయపెట్టిందని నా లెక్క.

అసలు మెలిక చట్టంలో ఉంది. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు బుల్డోజర్ కూల్చివేతలకు కళ్లెం వేస్తూ 15 రోజుల నోటీసు తప్పనిసరి చేసింది. కానీ రోడ్లు, నదులు, చెరువుల్లాంటి చోట్ల ఉన్న అక్రమ కట్టడాలకు ఆ రక్షణ వర్తించదని అదే తీర్పు చెప్పింది. అంటే నది ఎక్కడ ముగుస్తుందో తేలితేగానీ ఎవరికి ఏ హక్కుందో తేలదు. నదీగర్భం వేరు, దాని పక్కన వదలాల్సిన బఫర్ వేరు. సర్కారే అనుమతిచ్చిన పట్టా ఇల్లు బఫర్‌లో పడితే దాన్ని ఆక్రమణ అనడం కుదరదు. అది కావాలంటే 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారమిచ్చి తీసుకోవాల్సిందే. గోడమీద రంగు పూసినంత తేలిక కాదది.

నదిలో ఇళ్లుంటే వరద ముప్పన్న ప్రభుత్వ వాదన ఉత్తదేమీ కాదు. 1908 సెప్టెంబరు 28 వరద వేల ప్రాణాలు తీసింది. ఆ తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లెత్తితే చాదర్‌ఘాట్ బస్తీలు మునిగాయి. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకీ నీళ్లొచ్చాయి. నది మధ్యన అంత పెద్ద బస్‌స్టేషన్ కట్టింది సర్కారే కదా అని బస్తీవాళ్లు అడిగితే అందులో తప్పేముంది?

కాబట్టి ప్రాజెక్టు కట్టడాల అంచనాల కంటే ముందు రావాల్సింది హద్దుల మ్యాపు. ఏ వరద మట్టాన్ని లెక్కలోకి తీసుకున్నారో చెప్పి, సర్వే నంబర్ల వారీగా వార్డు ఆఫీసులో తెలుగులో, ఉర్దూలో అంటించాలి. అభ్యంతరాలకు గడువివ్వాలి. అద్దెకుండేవాళ్లనూ జాబితాలో చేర్చాలి. కూల్చివేతల మాట ఆ తర్వాతే.