యుద్ధం వాళ్లది, తరుగు మనకా?

ఉక్రెయిన్‌లో ఆగని యుద్ధానికి గుంటూరు పత్తి రైతు జరిమానా కట్టాడు. మాట వరసకు అంటున్నది కాదు. 2025 ఆగస్టు 6న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. రష్యా చమురు కొంటున్నామని మన సరుకుల మీద అదనంగా 25 శాతం సుంకం వేశారు. అప్పటికే ఉన్న పాతికతో కలిపి 50 శాతమైంది. ఆ నెల 27 నుంచి అమల్లోకి వచ్చింది.

సుంకం పడింది దుస్తుల మీద, రొయ్యల మీద. పత్తికి దెబ్బ తగిలిన దారి వేరు. తిరుప్పూరులో అమెరికా ఆర్డర్లు తగ్గిపోతుంటే, ముడిసరుకైనా చవగ్గా దొరికేలా చూడమని బట్టల పరిశ్రమ మొరపెట్టుకుంది. కేంద్రం విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఆగస్టు 19 నుంచి ఎత్తేసింది. మొదట సెప్టెంబరు నెలాఖరు దాకా అన్నది, ఆగస్టు దాటకముందే దాన్ని డిసెంబరు 31 దాకా పొడిగించింది. రైతులకు, మత్స్యకారులకు, పశుపోషకులకు గోడలా అడ్డు నిలబడతానని ప్రధాని ఎర్రకోట మీద చెప్పింది ఆగస్టు 15న. నాలుగు రోజుల్లోనే ఆ గోడ ఒరిగిపోయింది.

మన దగ్గర తొలి తీత పత్తి ఇంటికి చేరేది అక్టోబరు, నవంబరు నెలల్లో. సరిగ్గా అప్పుడే రేవుల్లో సుంకం లేని విదేశీ బేళ్లు దిగాయి. దానికి తోడు మొంథా తుపాను వానలు. పెదనందిపాడైనా, ఫిరంగిపురమైనా, త్రిపురాంతకమైనా భారత పత్తి సంస్థ (సీసీఐ) కేంద్రం దగ్గర జరిగే తంతు ఒకటే. బోరెం మూతి విప్పి తేమ మీటరు ముల్లు లోపలికి గుచ్చుతారు. అంకె 8 దాటితే ధరలో కోత, 12 దాటితే కొనరు. 2025–26 సీజనులో పొడుగు పింజ క్వింటాలుకు ప్రకటించిన 8,110 రూపాయల మద్దతు ధర అక్కడే చేజారిపోయింది. రానూ పోనూ ట్రాక్టరు బాడుగ రైతు నెత్తినే పడుతుంది. తిరుగు దారిలో ప్రైవేటు వ్యాపారి దగ్గర ఆగితే, బయటి సరుకు చవగ్గా వస్తోందన్న మాట ముందు వినిపిస్తుంది, ఆ తర్వాతే కాటా, తరుగు. కౌలు కాగితం లేని రైతుకు ఆ వ్యాపారి తప్ప మరో దిక్కు లేదు.

2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడూ ఇంతే. రష్యా, బెలారస్‌ల మీద ఆంక్షలతో పొటాష్ ధర మండిపోయింది. అప్పటికే నల్ల తామర పురుగు మిరప తోటల్ని ఊడ్చేసింది. పురుగు మందుల అప్పు తీరకముందే ఎరువుల అప్పు మీద పడింది.

ఆ యుద్ధం మొదలుపెట్టిన పాపం పుతిన్‌ది. అందులో మాకు అనుమానం లేదు. కానీ శిక్ష వేసే పెత్తనం వాషింగ్టన్‌కు ఎవరిచ్చారు? మనకంటే ఎక్కువ రష్యా చమురు కొన్న చైనాకు ఆ జరిమానా పడలేదు. రష్యా నుంచి ఎరువులు అమెరికా తానే కొంటూ వచ్చింది. ఇరాన్ చమురు మానేయమని 2019లో ఒత్తిడి తెచ్చింది ఈ ట్రంపే. మానేశాం. ధర పరిమితికి లోబడి రష్యా చమురు ఎవరో ఒకరు కొనాలనే తాము కోరుకున్నామని 2024లో ఢిల్లీలోని అమెరికా రాయబారి ఎరిక్ గార్సెట్టి బాహాటంగా చెప్పారు. కొన్నాం. కొన్నందుకు 2025లో శిక్ష.

ఈ దౌష్ట్యం ఒక్క మనిషిది కాదు, ఒక్క పార్టీది కాదు. లేని మారణాయుధాల పేరు చెప్పి 2003లో బుష్ ఇరాక్ మీద పడ్డారు. 2009లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఒబామా ఏలుబడిలో 2016 ఒక్క ఏడాదే ఏడు దేశాల మీద బాంబులు పడ్డాయి. 20 ఏళ్లు అఫ్గానిస్థాన్‌ను ఛిద్రం చేసి, మళ్లీ తాలిబన్లకే వదిలేసి 2021లో బైడెన్ సేనలు బయటపడ్డాయి. వెళ్లిపోయే ముందు రోజు కాబూల్‌లో డ్రోన్ దాడిలో పది మంది మామూలు జనం చనిపోయారు, వాళ్లలో ఏడుగురు పిల్లలు. పొరపాటని సైన్యమే ఒప్పుకుంది, ఒక్కరికీ శిక్ష పడలేదు. గాజాను నేలమట్టం చేసిన ఇజ్రాయెల్‌కు బాంబులు అందించిందీ బైడెన్ ప్రభుత్వమే. 2025 జనవరిలో, తాము దిగకుండా తప్పించుకున్న యుద్ధాలను బట్టి కూడా తమ విజయాన్ని కొలుస్తామని చెప్పి గద్దెనెక్కిన ట్రంప్, జూన్ 22న ఇరాన్‌లోని ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్‌ల మీద బాంబులు వేయించారు. 2001 తర్వాతి రెండు దశాబ్దాల యుద్ధాల ఖర్చును బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 8 లక్షల కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు. నేరుగా పోయిన ప్రాణాలే 9 లక్షలకు పైగా.

యుద్ధం ప్రకటించే అధికారం ఆ దేశ రాజ్యాంగం కాంగ్రెస్‌కు ఇచ్చింది. కాంగ్రెస్ చివరిసారి యుద్ధం ప్రకటించింది 1942లో. ఆ తర్వాత కొరియా నుంచి లిబియా దాకా ఏ యుద్ధానికీ ఆ ప్రకటన లేదు. ఇరాన్ మీద తదుపరి దాడులకు కాంగ్రెస్ అనుమతి తప్పనిసరి చేయాలని వర్జీనియా సెనేటర్ టిమ్ కెయిన్ తెచ్చిన తీర్మానం 2025 జూన్ 27న 47–53 ఓట్లతో వీగిపోయింది. సొంత ప్రజాప్రతినిధులనే అడగని అధ్యక్షులు మన గోడు వింటారా?

కడుపు మీద కొట్టి నోరు మూయించడం వాళ్లకు కొత్త కాదు. 1965, 66 కరవు ఏళ్లలో అధ్యక్షుడు జాన్సన్ ఆహార సాయం చట్టం పీఎల్ 480 కింద మనకు రావాల్సిన గోధుమల ఓడలను నెల నెలా బిగబట్టి వదిలారు. వియత్నాం మీద బాంబుదాడులను ఇందిరాగాంధీ ప్రభుత్వం తప్పుపట్టడం ఆయనకు మింగుడుపడలేదు. అయినా ఆనాడు తెలుగు నేల మీద కవులు, విద్యార్థులు, కార్మికులు వియత్నాం పక్షాన గొంతెత్తారు.

ఇప్పుడు ఆ గొంతు ఏది? పిల్లలు అమెరికాలో ఉన్నారు, వీసాకు ఏం ముప్పొస్తుందోనని ఈ జిల్లాల్లో చదువుకున్న ఇల్లిల్లూ నోరు కట్టుకుంది. కన్నవాళ్ల భయం మాకు అర్థమవుతుంది. నాయకులకు ఆ మినహాయింపు ఇవ్వలేం. పత్తి సుంకం ఎత్తేసినప్పుడు ఢిల్లీలో మన ఎంపీలు సభను స్తంభింపజేయాల్సింది. అక్టోబరు నుంచి మార్చి దాకా ఆ సుంకం జోలికి వెళ్లకుండా చట్టమే తెమ్మని ఇకనైనా పట్టుబట్టాలి.

అమెరికా పౌరసత్వం తీసుకుని ఓటేస్తున్న తెలుగువాళ్లను ఒక్కటే అడుగుతున్నాం. మీ ఇళ్లలో చాలామందిని చదివించి విమానం ఎక్కించింది ఈ పత్తి డబ్బు, ఈ మిరప డబ్బు. టెక్సాస్‌లో మీరు వేలల్లో ఉన్నారు. కెయిన్ తీర్మానాన్ని ఓడించిన 53 మందిలో ఆ రాష్ట్ర సెనేటర్లు టెడ్ క్రూజ్, జాన్ కార్నిన్ ఇద్దరూ ఉన్నారు. ఓటు అడగడానికి వచ్చేవాళ్లను నిలబెట్టి, ఆ ఓటు ఎందుకు అలా వేశారని అడగండి.