పండుగపూట వేళ తప్పితే...

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం. హుజూర్‌నగర్ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లంతా బతుకమ్మలెత్తుకుని చెరువుకట్టకు బయలుదేరే సమయం. కొన్నేళ్ల క్రితం మాట. ఆసుపత్రిలో ఆ పూట డ్యూటీ నాది. ఆటోలో ఒకావిడను తీసుకువచ్చారు. వయసు 58 ఏళ్లు. పట్టుచీర కట్టుకుని ఉంది, చేతులకు పసుపు ఇంకా ఆరలేదు. స్పృహ మాత్రం లేదు. వెంట ఇద్దరు కొడుకులు, కోడళ్లు, ఏడుస్తూ కూతురు.

ఏం జరిగిందని అడిగితే తలా ఒకటి చెప్పారు. పక్షవాతమేమోనని ఒకరు, గాలి సోకిందేమోనని మరొకరు. "పొద్దుగాల నాలుగింటికి లేచింది సారూ. సద్దులన్నీ తనే చేసింది. అలిసిపోయి పండుకుందనుకున్నం" అన్నాడు పెద్దకొడుకు. చిన్నకోడలు ఒక్కతే, "అత్తమ్మ రవికె మొత్తం చెమటకు తడిసిపోయింది సారూ. ఒళ్లు సల్లగున్నది. లేపితే సంబంధం లేని మాటలు మాట్లాడింది" అన్నది. నాకు కావలసిన మాట అదే.

"షుగరుందా?"

"ఉన్నది సారూ, ఎనిమిదేండ్ల సంది."

"గోలీ వేసుకుందా?"

"పొద్దున ఏడింటికే ఏసుకుంది. అదెన్నడూ తప్పదు."

"ఏం తిన్నది?"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరకు కూతురు అన్నది, "ఒక్కపొద్దున్నది సారూ. బతుకమ్మను పంపించి వచ్చినంక తింటనన్నది."

వేలి కొసన రక్తపు చుక్క తీసి చూస్తే చక్కెర 34 ఉంది. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకు తగ్గితేనే తక్కువ కింద లెక్క. నరానికి గ్లూకోజు ఎక్కించాం. కొద్ది నిమిషాలకు కళ్లు తెరిచింది. తెరవగానే అడిగిన మాట: "బతుకమ్మను సాగనంపిన్రా?"

పండుగ వస్తున్నదంటే నాబోటి డాక్టర్లు పత్రికల్లో తీపి తగ్గించండి, నూనె తగ్గించండి, మాంసం తగ్గించండి అని రాస్తాం. రాయవలసిందే. కాని పండుగనాడు, ఆ మరునాడు ఆసుపత్రికి వచ్చేవారిని పాతికేళ్లకు పైగా చూసిన మీదట నాకు తోచిన సంగతి వేరు. ఒక పూట తిన్న గారెలు చేసే చెరుపు కంటె, వేళ తప్పినందువల్ల కలిగే చెరుపే ఎక్కువ. గోలీ ఒక వేళకు, అన్నం ఇంకో వేళకు. ఉదయం వండినది రాత్రికి తినడం. తెల్లవారుజామున కోసిన మాంసం మధ్యాహ్నానికి పొయ్యి ఎక్కడం. ఈ వేళలన్నీ తప్పేది ఇంట్లో అందరికంటె ముందు లేచి అందరి తరువాత తినే మనిషికే.

ముందుగా గోలీల సంగతి చెబుతాను. చక్కెర వ్యాధికి వాడే మాత్రలన్నీ ఒక రకం కావు. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ వంటివి క్లోమగ్రంథి చేత బలవంతంగా ఇన్సులిన్ ఊరిస్తాయి. కడుపులో తిండి ఉన్నా లేకపోయినా వాటి పని అవి చేసుకుపోతాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి చక్కెర ఇలా పడిపోవడం అరుదు. కాని నేడు చాలామంది వాడేవి రెండూ కలిపిన మాత్రలు. మీ మాత్రల అట్ట మీద ఏమి రాసి ఉందో ఒకసారి చూడండి, చదవలేకపోతే పిల్లల చేత చదివించుకోండి. ఇన్సులిన్ సూది తీసుకునేవారికి కూడా ఇదే ప్రమాదం ఉంది.

చక్కెర పడిపోతే మొదట చేతులు వణకడం, చెమట పట్టడం, గుండె దడ, విపరీతమైన ఆకలి కనిపిస్తాయి. తరువాత చిరాకు, తికమక, మాట తడబాటు. ఆపైన ఫిట్సు, స్పృహ తప్పడం. పండుగనాడు చిక్కెక్కడంటే, పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి చెమట పట్టడం ఎవరికీ వింతగా తోచదు. పొద్దుటినుంచి పని చేసినావిడ విసుక్కుంటే అలసట అనుకుంటారు. కాసేపు పడుకోనిమ్మంటారు. ఈ పడుకోనివ్వడంలోనే ప్రాణం మీదికి వస్తుంది.

మనిషి తెలివిలో ఉండి మింగగలిగితే మూడు చిన్న చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి. పావుగంట ఆగి, తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. తేరుకున్నాక అన్నమో, ఇడ్లీలో పెట్టాలి. "షుగరున్న మనిషికి పంచదారా?" అని వెనకాడకండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయరాదు. పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పక్కకు ఒత్తిగిల్లేటట్టు పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి.

ఇక్కడ ఇంకొక సంగతి ఉంది. ఆవిడ లేచి కూర్చుని మాట్లాడగానే కొడుకులు ఇంటికి తీసుకుపోతామన్నారు. పండుగపూట ఆసుపత్రిలో ఏమి పడుకుంటుందని వారి బాధ. నేను ఒప్పుకోలేదు. ఆ మాత్ర ప్రభావం ఒక రోజంతా ఉండవచ్చు; పెద్ద వయసు, మూత్రపిండాల బలహీనత ఉంటే ఇంకా ఎక్కువసేపు. అనుకున్నట్టే రాత్రి రెండు గంటలకు చక్కెర మళ్లీ 52కు దిగింది. ఇంట్లో ఉండి ఉంటే అందరూ నిద్రలో ఉండేవారు. రెండు రాత్రులు ఉంచుకుని దసరా ఉదయం పంపించాం.

ఒక్కపొద్దు మానమని నేను ఎవరికీ చెప్పను. చెప్పినా వినేవారు కారు. చెప్పేదల్లా పండుగకు పదిరోజుల ముందే డాక్టరు దగ్గరకు రమ్మని. మోతాదు తగ్గించవచ్చు, వేళ మార్చవచ్చు, కొందరికి మాత్రే మార్చవచ్చు. మీ అంతట మీరు మానేయడం గాని, తీపి తిన్నాం గదా అని రెండు గోలీలు వేసుకోవడం గాని పనికిరాదు. రెండూ చూశాను.

ఇక సద్దులు. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలిన తరువాత క్రమంగా మా ప్రాంతమంతా వరిపొలాలయింది. జొన్నరొట్టె, జొన్నగటక తిన్న ఇళ్లలో ఇప్పుడు పూటపూటకూ వరన్నమే. సద్దులు కూడా అన్నంతోనే చేస్తారు: పెరుగు, చింతపండు పులిహోర, నిమ్మకాయ, నువ్వులు, కొబ్బరి. ఉదయం కలిపినవి సాయంత్రం చెరువుకట్ట మీద పంచుతారు. ఎనిమిది, పది గంటల వ్యవధి.

అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి ఉంటుంది. దాని విత్తనాల వంటి రూపం ఉడికినా చావదు. వెచ్చగా మూతపెట్టి ఉంచిన అన్నంలో మేల్కొని విషం చేస్తుంది. ఆ విషం తిరిగి వేడిచేసినా పోదు. తిన్న గంట నుంచి ఆరు గంటలలోపు వాంతులు మొదలవుతాయి. మన పెద్దవాళ్లకు క్రిమి పేరు తెలియకపోయినా ఉపాయం తెలుసు. పులిహోరకు అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో ఆరబోస్తారు, చింతపండు పులుసు పట్టిస్తారు. త్వరగా చల్లారడం, పులుపు, ఈ రెండూ క్రిములకు గిట్టవు. అందుచేత పులిహోర, నిమ్మకాయ సద్ది కొంత నిలుస్తాయి. నువ్వుల సద్దికి, కొబ్బరి సద్దికి పులుపు లేదు. పచ్చికొబ్బరి మరీ త్వరగా పాడవుతుంది. వాటిని మధ్యాహ్నం రెండు దాటాక కలుపుకోండి. కట్ట మీద మొదట పంచవలసినవి కూడా అవే.

మాంసం విషయానికి వస్తే, 2025లో దసరా అక్టోబరు 2న వచ్చింది. గాంధీజయంతి గనుక చాలామంది ముందురోజే మాంసం తెచ్చిపెట్టుకున్నారు. ఫ్రిజ్‌లో పెడితే చాలనుకుంటారు. పండుగనాటి ఫ్రిజ్‌లో సీసాలు, పూలు, పెరుగు గిన్నెలు కిక్కిరిసి గాలి ఆడే చోటుండదు, మధ్యలో కరెంటు పోతుంది. పచ్చిమాంసం మూతగల డబ్బాలో అన్నిటికన్న అడుగున పెట్టాలి. పైన పెడితే దాని నీరు కింది పెరుగులోకి కారుతుంది.

అంతకంటె ముఖ్యమైనది కత్తిపీట. మాంసం తరిగిన కత్తిపీట మీదనే పచ్చడికి కీరదోస తరుగుతారు. కూర ఉడుకుతుంది, కీరదోస ఉడకదు. చాలా ఇళ్లలో విరేచనాలకు దోషి కూర కాదు, ఆ పెరుగుపచ్చడి. కత్తిపీటను సబ్బుతో కడిగి వేడినీళ్లు పోయండి, లేదా కూరగాయలు ముందే తరిగేయండి. రెండోదే సులువు.

వండిన కూరను పెద్ద గిన్నెతోనే రాత్రంతా పొయ్యి మీద వదిలేయడం మనకు అలవాటు. పెద్దగిన్నె నడుమ వేడి గంటలకొద్దీ గోరువెచ్చగా నిలిచి క్రిములకు పెంపుడు తొట్టి అవుతుంది. తిన్నాక మిగిలినది రెండు గంటలలోపు లోతు తక్కువ గిన్నెల్లోకి పంచి ఫ్రిజ్‌లో పెట్టాలి. మళ్లీ తినేటప్పుడు కావలసినంతే తీసి తెర్లేదాకా కాచాలి.

ఈ రెండు గంటల నియమం నా సొంతం కాదు. మా మేనకోడలు అమెరికాలో డల్లాస్‌లో ఉంటుంది. అక్కడ నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ అని ఇంటిల్లిపాదీ కూడే పండుగ. మన దసరా వంటిదే అనుకోండి, బిడ్డలు ఎక్కడున్నా ఇంటికి చేరతారు. టర్కీకోడిని నిలువునా కాలుస్తారు. అక్కడి ప్రభుత్వం ఏటా చెప్పేది ఇదే: కోడి లోపలి భాగం 74 డిగ్రీల సెంటిగ్రేడ్ వేడెక్కాలి, వడ్డించినది రెండు గంటలకు మించి బయట ఉండరాదు, ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మా మేనకోడలు ఫోనులో, "మామయ్యా, ఇక్కడ చలి, మీకక్కడ గంటే" అని నవ్వింది. నిజమే. మన దసరా నాటి మధ్యాహ్నాలు తరచు 32 దాటుతాయి.

వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మొదట చేయవలసింది నీరు పోకుండా చూడడం. ఓఆర్ఎస్ పొట్లం ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి గుక్కగుక్కగా తాగించాలి. పొట్లం లేకపోతే లీటరు నీటికి ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలగొట్టి కలపండి. మూత్రం తగ్గినా, మలంలో రక్తం కనిపించినా, పసిపిల్ల మందకొడిగా ఉన్నా ఇంట్లో ఆగరాదు.

సకినాలు, గారెలు కాల్చే చోట పిల్లలు తిరగకూడదని అందరికీ తెలుసు, అయినా ఏటా ఇద్దరో ముగ్గురో కాలిన చేతులతో వస్తారు. కాలినచోట 20 నిమిషాలు చల్లని నీటిధార పెట్టాలి. పళ్ళపేస్టు, ఇంకు, కాఫీపొడి వద్దు. మూకుట్లో మంట లేస్తే నీళ్లు పోయకండి. పొయ్యి ఆర్పి మూత బోర్లించండి. అయిదేళ్లలోపు పిల్లలకు పల్లీలు విడిగా ఇవ్వకండి, గొంతులో అడ్డుపడతాయి. దంచి ముద్ద చేసి పెట్టండి.

నీటి దగ్గర ఇంకొక మాట. చెరువైతే మెట్లుంటాయి. సాగర్ కాలువ అలా కాదు. గట్టు వాలుగా, నున్నగా ఉంటుంది. జారితే తిరిగి ఎక్కడానికి పట్టు దొరకదు. బతుకమ్మను వదలడానికి చీకటిపడక ముందే, ఈత వచ్చిన మగవాళ్లు పక్కనుండగా వెళ్లండి.

మగవాళ్ల విషయం కూడా చెప్పక తప్పదు. షుగరు మాత్ర వేసుకుని, తిండి తినకుండా సారా గాని కల్లు గాని తాగితే చక్కెర రాత్రిపూట పడిపోతుంది. తాగి పడుకున్నాడనుకుని తెల్లవారేదాకా ఎవరూ లేపరు. మరొకటి. రోజూ కల్తీకల్లు తాగే పెద్దాయన పండుగకని బిడ్డ ఇంటికి వస్తాడు. అందులో డయజిపాం, ఆల్ప్రజోలాం వంటి మత్తుమందులు కలుపుతారన్నది తెలంగాణలో ఎన్నోసార్లు బయటపడింది. బిడ్డ ఇంట అది దొరకదు. రెండోనాడో మూడోనాడో చేతులు వణకుతాయి, నిద్ర పట్టదు, పిచ్చిమాటలు, ఆపైన ఫిట్సు. దయ్యం పట్టిందని తాయెత్తు కట్టించుకుని ఆలస్యంగా వచ్చినవారున్నారు. మందు ఇస్తే నెమ్మదించే జబ్బే ఇది. ఆయనకు అలవాటున్న సంగతి సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి.

మొదట చెప్పిన ఆవిడ మరుసటి ఏడు పెత్రమాసకు వారం ముందే వచ్చింది. చిన్నకోడలు వెంట ఉంది. చేతిసంచిలోంచి మాత్రల అట్టలన్నీ తీసి బల్ల మీద పరిచింది.

"సారూ, ఈయేడు గూడ ఒక్కపొద్దుంట. గోలీ ఎట్ల జెయ్యమంటవ్?"

పరీక్షలు చేయించి, మాత్ర మార్చి, పగలు పాలు, పండు తీసుకోవడానికి ఒప్పించాను. పాలు తాగితే ఒక్కపొద్దు పోతుందేమోనని కొంచెం ఆలోచించింది. కోడలే కలగజేసుకుని, "నేను దగ్గరుండి తాగిపిస్త సారూ. సద్దులు గూడ ఈయేడు నేనే కలుపుత" అన్నది.

"ఉప్పెక్కువేస్తది సారూ ఇది" అన్నది అత్తగారు.