నాలుగు రంగుల డబ్బాలు

ఆసుపత్రికి రోగిని చూడబోయినప్పుడు మంచము, మందు, డాక్టరుగారి ముఖము, ఈ మూడింటినే మనము గమనిస్తాము. వార్డు మూలనున్న రంగురంగుల డబ్బాలను చూడము. చూడక, తిన్న అరటిపండు తొక్కను పసుపుపచ్చ సంచిలో పడవేసి వస్తాము. ఈ మాసము ఆ డబ్బాలను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచినాము.

మన చంద్రపూరులో నర్సింగు హోములున్నవి. 2015లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడ వెలసినది. పెద్దదైనా చిన్నదైనా అన్నిటికీ చట్టము ఒకటే. 1998లో మొదట వచ్చిన నియమముల స్థానములో 2016లో క్రొత్తవి వచ్చినవి. వాటి ప్రకారము రక్తము అంటిన దూది, కట్లు పసుపు సంచిలోనికి పోవలెను. గ్లూకోజు గొట్టాలు, సూది తీసిన సిరంజీలు ఎర్ర సంచిలోనికి. సూదులు, బ్లేడులు చిల్లిపడని తెల్లడబ్బాలోనికి. మందుల గాజుసీసాలు నీలిపెట్టెలోనికి. శుద్ధిచేయని చెత్తను 48 గంటలకు మించి నిలువ ఉంచరాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆసుపత్రి చెత్తలో నూటికి సుమారు 85 పాళ్లు మన ఇంటి చెత్త వంటిదే. ప్రమాదకరమైనది 15 పాళ్లే. కాని ఆ పదిహేనునూ తక్కినదానిలో కలిపితే నూరు పాళ్లూ ప్రమాదమే. ఆఫీసులో కాగితము తప్పు ఫైలులో పడితే రేపు వెదకి తీయవచ్చును. చెత్తలో పడ్డ సూదిని వెదకనక్కరలేదు. అదే మన చేతిని వెదకి పట్టుకొంటుంది.

కనుక వేరుచేయుట రోగి మంచము ప్రక్కనే, నర్సు చేతిలోనే జరగవలెను. వాడిన సూదికి తిరిగి మూత తొడగరాదు, తొడగబోయి గుచ్చుకొన్నవారెందరో. హెపటైటిస్-బి రోగికి వాడిన సూది గుచ్చుకొంటే, టీకా లేనివారిలో నూటికి 30 మంది వరకు ఆ జబ్బు అంటవచ్చును. ఆ క్రిమి ఒంటి వెలుపల ఏడు రోజులైనా బ్రతికి ఉంటుంది. 2009లో గుజరాతులోని మోడాసాలో వాడిన సిరంజీలనే మళ్లీ వాడినందున ఈ జబ్బు వ్యాపించి పలువురు మరణించారు.

రాత్రి డ్యూటీలో ఒక్కతే వార్డంతా చూచే నర్సుకు తీరిక ఎక్కడిదంటారు. నిజమే. ఆమె చేతికందేచోట డబ్బా ఉంచుట, ఆమెకూ సఫాయి మనిషికీ టీకా వేయించుట యాజమాన్యము పని. అది చేయక, తప్పంతా నర్సుదేననుట న్యాయము కాదు. సూది మొదట గుచ్చుకొనేది ఆమెకే. తరువాత సఫాయి మనిషికి, ఆపైన చెత్త ఏరుకొనే పిల్లవానికి.

మన ఇండ్లలో ఇన్సులిన్ తీసుకొనే పెద్దలున్నారు. ఆ సూదులను తడిచెత్తలోగాని పొడిచెత్తలోగాని వేయవద్దు. మూతగల గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, దానిమీద మరాఠీలో 'సుయా' అని వ్రాయండి. ఘంటాగాడీ మనిషికి తెలుగు రాదు గదా. నిండిన డబ్బాను విడిగా, చెప్పి మరీ అప్పగించండి. ఆసుపత్రికి పోయినప్పుడు అరటితొక్క ఎక్కడ వేయాలో సిస్టరును ఒక్కమాట అడగండి.