చిరునామా తప్పిన మనీయార్డరు
(ఉప ప్రణాళిక నిధులకు చట్టరక్షణ కావలెను)



తపాలా శాఖలో పనిచేసిన ప్రతివారికీ ఒక నియమం చిన్ననాటి ఎక్కంవలె కంఠస్థం. మనీయార్డరు మీద ఎవరి పేరు వ్రాసి ఉన్నదో సొమ్ము వారి చేతికే చేరవలెను. గ్రహీతకు చదువు రాకపోతే వేలిముద్ర, దాని ప్రక్కన సాక్షి సంతకం ఉండవలెను. "ఆ మనిషి కనిపించలేదు, ప్రక్కవీధి షావుకారుకు ఇచ్చి వచ్చాను, అతడూ ఆ ఊరివాడే కదా" అని ఏ పోస్టుమాన్ అయినా చెబితే ఆనాటి సాయంత్రానికే సస్పెన్షన్ ఉత్తర్వు చేతికి వస్తుంది. గూడ్సు షెడ్డులోనూ అంతే. టాటానగర్‌కు బుక్ అయిన వాగన్‌ను ఖరగ్‌పూర్‌లో దింపి "అదీ మన జోనే కదా" అనుటకు వీలులేదు.

పోస్టుమాన్‌కు, గూడ్సు గుమాస్తాకు వర్తించే ఈ నియమం భారత ప్రభుత్వ ఆర్థికశాఖకు మాత్రం వర్తించదా? షెడ్యూల్డు కులాల పేర, షెడ్యూల్డు తెగల పేర ఏటేటా బడ్జెట్టులో వ్రాసే వేలాది కోట్ల రూపాయలు ఎవరి చేతికి చేరుతున్నవి? వేలిముద్ర ఎక్కడ? సాక్షి సంతకం ఎక్కడ? ఈ ప్రశ్న అడుగుటకే ఈ వ్యాసం.

ముందు చరిత్ర చెప్పుకొందాము. గిరిజన ఉప ప్రణాళిక ఐదవ పంచవర్ష ప్రణాళికా కాలంలో, 1974-75లో ఆరంభమైనది. షెడ్యూల్డు కులాల కొరకు ప్రత్యేకాంశ ప్రణాళిక 1979-80లో వచ్చినది. దానికి రూపకల్పన చేసిన వారిలో ముఖ్యుడైన పి.ఎస్. కృష్ణన్ ఆంధ్రప్రదేశ్ కేడరుకు చెందిన ఐ.ఎ.ఎస్. అధికారి అన్న సంగతి తెలుగువారు గుర్తుంచుకొనదగినది. 1980 మార్చిలో ప్రధాని ఇందిరాగాంధీ దీనిని అమలు జరపవలసినదిగా ముఖ్యమంత్రులకు లేఖ వ్రాశారు. సూత్రం సరళమైనది. జనాభాలో ఈ వర్గాల వాటా ఎంతో, ప్రణాళికా వ్యయంలోనూ కనీసం అంత వాటా విడిగా తీసిపెట్టవలెను. ఆ సొమ్ము ఆ కుటుంబాలకు, ఆ పేటలకు, ఆ గూడేలకు నేరుగా మేలుచేసే పనులకే ఖర్చు కావలెను. దారి మళ్లరాదు, మురిగిపోరాదు. ఇది ఎవరో పెట్టిన భిక్ష కాదు. బలహీన వర్గాల విద్యా, ఆర్థిక ప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో కాపాడవలెనని రాజ్యాంగం 46వ అధికరణంలో రాజ్యానికి విధించిన కర్తవ్యం.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో షెడ్యూల్డు కులాలవారు 16.6 శాతం, షెడ్యూల్డు తెగలవారు 8.6 శాతం. మేము ఈ మాటలు వ్రాస్తున్న జార్ఖండ్‌లో కులాలవారు 12.1 శాతం, తెగలవారు 26.2 శాతం. అనగా ఈ రాష్ట్రంలో నూరు రూపాయలలో ముప్పది ఎనిమిది రూపాయల మీద వీరి చిరునామా ఉండవలెను.

జరుగుతున్నదేమిటి? సొమ్ము దారితప్పే మార్గాలు మూడు.

మొదటిది కాగితపు కేటాయింపు. ప్రభుత్వ లెక్కలలో కులాల ఉప ప్రణాళికకు 789 అనియు, గిరిజన ఉప ప్రణాళికకు 796 అనియు పద్దుల సంఖ్యలు కలవు. అందరికొరకు ఎటూ చేయవలసిన ఖర్చులో ఒక వంతును తీసి ఈ పద్దుల క్రింద వ్రాసివేస్తే కేటాయింపు జరిగినట్లే లెక్క! ఎరువుల సబ్సిడీలో ఒక భాగం ఈ విధంగా దళితుల ఖాతాలో చూపబడుతున్నది. దళితులలో అధికసంఖ్యాకులు సెంటుభూమి లేని కూలీలు. చేను లేనివానికి యూరియా దేనికి? రహదారి మీద గిరిజనుడు కూడ నడుస్తాడు గనుక రహదారి ఖర్చులో అతని వాటా వ్రాస్తామంటారు. అతడు పౌరుడుగా ఆ రహదారికి ఎటూ హక్కుదారుడే. ఉప ప్రణాళిక అనగా ఆ హక్కుకు పైన అదనంగా రావలసినది. జీతాన్నే రెండు కవర్లలో పెట్టి, రెండవ కవరు మీద బోనస్ అని వ్రాసి ఇస్తే మనము ఊరకుంటామా?

రెండవది బహిరంగ దారిమళ్లింపు. 2010లో ఢిల్లీలో కామన్వెల్త్ క్రీడలు జరిగినవి. ఢిల్లీ ప్రభుత్వం దళితుల ప్రత్యేకాంశ ప్రణాళిక నుండి ఆరువందల కోట్ల రూపాయలకు పైబడిన సొమ్మును ఆ క్రీడల ఖర్చులకు తరలించినది. ఆ ఏడు ఆగస్టులో ఇది తప్పేనని కేంద్ర హోంమంత్రి రాజ్యసభలో ఒప్పుకొనవలసి వచ్చినది. దళిత విద్యార్థి వసతిగృహానికి రావలసిన రూపాయి క్రీడల హంగులకు పోయినది.

మూడవది మురుగబెట్టుట. ఫిబ్రవరి 1న ఘనంగా ప్రకటించిన అంకె మార్చి 31 నాటికి సవరించిన అంకె అవుతుంది. ఖర్చుకాని సొమ్ము ఖజానాకు తిరిగిపోతుంది. "ఇచ్చినా వాడుకొనలేరు" అని అపవాదు మాత్రం పేదల నెత్తిన మిగులుతుంది. బ్లాకు కార్యాలయాలలో ఖాళీలు నింపరు. ఆశ్రమ పాఠశాలలకు ఉపాధ్యాయులను, వసతిగృహాలకు వార్డెన్లను ఇవ్వరు. విడుదల ఉత్తర్వు సంవత్సరం చివరి నెలలలో పంపుతారు. ఆ తరువాత ఖర్చు చేయలేదని నిందిస్తారు. ఇంజను విప్పుకొనిపోయి, బండి ఆలస్యమైనదని గార్డుకు చార్జిషీటు ఇచ్చుట వంటిది ఇది.

ఈ మూడింటికీ తోడు 2017-18లో ఇంకొక దెబ్బ తగిలినది. అంతకు పూర్వమే ప్రణాళికా సంఘాన్ని ఎత్తివేసి 2015 జనవరి 1 నుండి నీతి ఆయోగ్‌ను పెట్టారు. 2017-18 బడ్జెట్టుతో ప్రణాళికా వ్యయం, ప్రణాళికేతర వ్యయం అన్న విభజన తొలగిపోయినది. మాను నరికిన తరువాత కొమ్మకు ఆధారమేది? ప్రణాళికే లేనప్పుడు ఉప ప్రణాళికకు వాటా దేనిలో నుండి లెక్కించాలి? పేరు "సంక్షేమ కేటాయింపు" అయినది, పిమ్మట "అభివృద్ధి కార్యాచరణ ప్రణాళిక" అయినది. రైల్వే కార్మికులకు ఈ బాధ వివరించనక్కరలేదు. 1924 నుండి విడిగా ఉన్న రైల్వే బడ్జెట్టు ఆ 2017-18లోనే సాధారణ బడ్జెట్టులో కలిసిపోయినది. విడి లెక్క పోతే విడి చర్చ పోతుంది. చర్చ పోతే సంజాయిషీ పోతుంది.

2025-26 కేంద్ర బడ్జెట్టు అంచనా మొత్తం 50 లక్షల 65 వేల కోట్ల రూపాయలు. అందులో షెడ్యూల్డు కులాల పేర చూపినది సుమారు 1 లక్షా 68 వేల కోట్లు, తెగల పేర చూపినది సుమారు 1 లక్షా 29 వేల కోట్లు. వడ్డీలు, రక్షణ, పింఛన్లు తీసివేసి లెక్కించాలని పాలకులు వాదిస్తారు. తీసివేసియే లెక్కించండి. కాని ఆ మిగిలిన అంకెలో కాగితపు కేటాయింపులు ఎన్ని, నేరుగా మనిషికి చేరినవి ఎన్ని అన్న ప్రశ్నకు జవాబు చెప్పండి.

జంషెడ్‌పూర్‌లో నివసించే మాకు ఈ ప్రశ్న పుస్తకాలలోనిది కాదు. 1907లో కంపెనీ ఏర్పడి, 1912లో ఇక్కడ ఉక్కు తయారైనది. 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అనియు, కాళీమాటి స్టేషనుకు టాటానగర్ అనియు పేర్లు వచ్చినవి. ఈ కొలిమికి కావలసిన ఇనుపరాయి ఆదివాసుల కొండల నుండి వచ్చినది. నేటికీ నోవాముండి, గువా గనుల నుండి చక్రధర్‌పూర్ డివిజన్ కార్మికులు రేయింబవళ్లు రేకులు నడుపుతున్నారు. జాదూగూడ యురేనియం, ముసాబనీ రాగి కూడ ఈ సింగ్‌భూమ్ భూగర్భంలోనివే. పైన చాండిల్ వద్ద సువర్ణరేఖ నదికి ఆనకట్ట కట్టినప్పుడు నూటికి పైగా గ్రామాలు దెబ్బతిన్నవి. ఖనిజంతో బయలుదేరిన ఒక్క వాగన్ కూడ గమ్యం తప్పుటకు మన రైల్వే ఒప్పుకొనదు. కాని ఆ ఖనిజానికి బదులుగా ఆ గూడేలకు తిరిగి రావలసిన బడి, బావి, వైద్యశాల మాత్రం దారిలోనే మాయమవుతున్నవి. జిల్లా జనాభాలో మూడింట రెండువంతులు ఆదివాసులే అయిన పశ్చిమ సింగ్‌భూమ్‌కు వెళ్లి చూసినవారికి ఈ లెక్క అర్థమవుతుంది.

ఇక మనవారి సంగతి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నాటి నుండి శ్రీకాకుళం, విశాఖ జిల్లాల పల్లెలు విడిచి కూలికి, పారిశుధ్యపు పనికి, షెడ్డు పనికి ఈ ఊరు వచ్చిన దళిత కుటుంబాలు అనేకం. వారి బిడ్డల స్థితి ఏమి? మాల, మాదిగ, రెల్లి కులాలు జార్ఖండ్ షెడ్యూల్డు కులాల జాబితాలో లేవు. ఒక రాష్ట్రంలోని షెడ్యూల్డు కుల హోదా మరొక రాష్ట్రానికి వలసవచ్చినవారికి వెంటరాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినది. తండ్రి ధ్రువపత్రం ఆధారంగా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి అర్హత కలిగిన పిల్లవాడే ఈ రాష్ట్రపు విద్యార్థి వేతనానికి అర్హుడు కాడు. జనాభా లెక్కలలో ఇక్కడ అతడు దళితుడుగా లెక్కకు రాడు. స్వరాష్ట్రంలో నివాసి కాడు. చీపురు మాత్రం రాష్ట్రాల సరిహద్దు దాటి తాత చేతి నుండి మనుమని చేతికి వచ్చినది. హక్కు మాత్రం సరిహద్దు వద్ద ఆగిపోయినది. స్థానిక ఆదివాసుల వాటాలో మాకు భాగం ఇమ్మని మేము అడుగుట లేదు, అడుగరాదు. ఈ కుటుంబాల లెక్కను కేంద్రం విడిగా తీసి, విడిగా సొమ్ము ఇవ్వవలెనని అడుగుతున్నాము.

కొందరు సోదరులు మమ్ములను అడుగుతున్నారు: "ఇది కుల సంఘాల పని. యూనియన్‌కు డి.ఎ., పెన్షన్, ఖాళీల భర్తీ చాలవా? కులం మాట ఎత్తితే ఐక్యత చెడదా?" వారికి మా సమాధానం సూటిగా చెబుతాము. ఐక్యతను చెడగొట్టినది కులం మాట ఎత్తినవారు కాదు, కులాన్ని ఆచరించేవారు. పట్టాలమీది మలాన్ని చేతులతో ఎత్తిన పని ఏ కులాలవారికి అప్పగించబడినదో మనకు తెలియదా? నేడు ఆ పారిశుధ్యం కాంట్రాక్టరు చేతికి పోయినది. రిజర్వేషన్ లేదు, పెన్షన్ లేదు, క్వార్టరు లేదు. కాని చీపురు పట్టిన చేతులు అవే. వీరిని బయట నిలబెట్టి మనము చెప్పుకొనే ఐక్యత సగం బోగీలు వదలివచ్చిన బండి వంటిది. అంతేకాదు, ఉప ప్రణాళిక సొమ్ము మురిగిపోవుటకు మొదటి కారణం ఖాళీ పోస్టులే అయినప్పుడు ఇది ఖాళీల భర్తీ సమస్య కాదా?

పోరాడితే ఏమి వస్తుందని నిరాశపడే వారికి రెండు ఉదాహరణలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దళిత, గిరిజన సంఘాలు, విశ్రాంత ప్రధాన కార్యదర్శి కాకి మాధవరావు వంటి పెద్దలు, వామపక్షాలు కలిసి సాగించిన ఉద్యమం ఫలితంగా 2013లో ఉప ప్రణాళికల చట్టం వచ్చినది. జనాభా వాటా ప్రకారం కేటాయించుట ప్రభుత్వ దయ కాక చట్టపు విధి అయినది. ఆ ఏడే కర్ణాటక కూడ చట్టం చేసినది. లోపాలు లేకపోలేదు. పది సంవత్సరాల గడువు పెట్టారు. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో దానిని మరల పొడిగించవలసి వచ్చినది. ఖర్చుకాని సొమ్మును మరుసటి సంవత్సరానికి కలిపే ఏర్పాటు 2017 నాటి తెలంగాణ చట్టంలో వచ్చినది. రెండవది దళిత విద్యార్థుల పోస్టుమెట్రిక్ ఉపకార వేతనం. కేంద్రం తన భాగాన్ని సంవత్సరాల తరబడి తగ్గించుకొని పోగా, నిరసనల తరువాత 2020 డిసెంబరులో 60 : 40 నిష్పత్తికి ఒప్పుకొని, కేంద్ర వాటాగా ఐదేళ్లకు 35 వేల 534 కోట్ల రూపాయలు ప్రకటించినది. అడిగినందునే కదిలినది. అడుగకపోతే అదీ లేదు.

కావున మా కోర్కెలు ఇవి:

1. షెడ్యూల్డు కులాల, తెగల ఉప ప్రణాళికలకు పార్లమెంటు కేంద్ర చట్టం చేయవలెను. జార్ఖండ్‌లోనూ అట్టి చట్టరక్షణ కావలెను. గడువు పెట్టరాదు.

2. ఖర్చుకాని ప్రతి రూపాయి మరుసటి సంవత్సరపు వాటాకు అదనంగా కలపవలెను. దారి మళ్లించిన అధికారి మీద చర్య ఉండవలెను.

3. వ్యక్తికి, కుటుంబానికి, పేటకు, గూడేనికి నేరుగా మేలుచేసే ఖర్చును మాత్రమే 789, 796 పద్దుల క్రింద వ్రాయవలెను.

4. ప్రతి పంచాయతీ, ప్రతి పోస్టాఫీసు గోడమీద ఆ ప్రాంతానికి వచ్చిన సొమ్ము, అయిన ఖర్చు స్థానిక భాషలో ప్రకటించవలెను. గ్రామసభ ఆమోదం లేని ఖర్చు చెల్లరాదు.

5. వలస దళిత కుటుంబాల పిల్లల చదువుకు కేంద్రం ప్రత్యేక నిధి ఏర్పరచవలెను.

ప్రతి బ్రాంచి ఈ కోర్కెల మీద తీర్మానం చేయవలసినదిగా కోరుతున్నాము. కేంద్ర బడ్జెట్టు పత్రాలలో 10-ఎ, 10-బి అను రెండు పట్టికలు కలవు. మొదటిది షెడ్యూల్డు కులాల కేటాయింపులది, రెండవది తెగలది. బడ్జెట్టు వచ్చిన వారంలో వాటిని ముందుపెట్టుకొని ఒక్క సాయంత్రం కూర్చొనండి. లెక్కలు చూచుట మనకు క్రొత్త కాదు. ఒక్క రూపాయి తేడా వస్తే రాత్రి పదివరకు కూర్చొని సరిచూసిన గుమాస్తాలం మనము. ఏప్రిల్ 14న అంబేద్కర్ చిత్రపటానికి, నవంబరు 15న బిర్సా ముండా విగ్రహానికి దండవేసి ఇంటికి పోవుట సులభం. ఆ దినాలలోనే ఈ లెక్క బహిరంగంగా చదివి వినిపించుట మన పని.

మనీయార్డరు వ్రాయబడి యాభై సంవత్సరాలు దాటినది. గ్రహీత ఇంటివద్దనే ఉన్నాడు, చిరునామా సరిగానే ఉన్నది. సొమ్ము ఏదని అడుగుట మన విధి.