మలపరీక్షకు దొరకని పురుగులు
పిల్లాడు నిద్రలో పళ్ళు కొరికితే చాలు, "బెల్లం తెగ తింటున్నాడు, నులిపురుగులు పడ్డాయి" అని ఇంట్లో పెద్దవాళ్ళు తేల్చేస్తారు. బెల్లం తింటే పురుగులు పడవు, పళ్ళు కొరకడం గట్టి ఆనవాలూ కాదు. రాత్రిళ్ళు ఆసనం దగ్గర దురద, నిద్రపట్టక దొర్లడం, ఆడపిల్లల్లో ఒక్కోసారి మూత్రద్వారం దగ్గర మంట... ఇవీ చూడాల్సినవి. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ తర్వాతి కథ. మలపరీక్ష చేయిస్తారు, "ఏమీ లేవు" అని రిపోర్టు వస్తుంది, పిల్ల మాత్రం రాత్రంతా గోక్కుంటూనే ఉంటుంది. తెల్లటి దారప్పోగుల్లాంటి ఈ పురుగుల్లో ఆడవి రాత్రిపూట బయటికొచ్చి ఆసనం చుట్టూ చర్మం మీదే గుడ్లు పెడతాయి. మలంలో అవి కనబడటం అరుదు. కావలసిందల్లా సెల్లోటేపు ముక్క. పొద్దున్న పిల్ల లేవగానే, దొడ్డికి వెళ్ళకముందే, ఒళ్ళు కడగకముందే, జిగురువైపు ఆసనం చుట్టూ అద్ది, గాజు స్లైడు మీద అతికించి ల్యాబుకివ్వాలి. వరసగా మూడు రోజులు పొద్దున్నే చేస్తే దొరికే అవకాశం బాగా పెరుగుతుంది. మైక్రోస్కోపు కింద, ఒక పక్క చదునుగా ఉన్న గుడ్లు తెలిసిపోతాయి. ఇంత చవకైన పరీక్షను తల్లికి వివరించే తీరిక మన క్లినిక్కులకు ఎందుకుండదు? అది చెప్పాల్సిన బాధ్యత డాక్టరుదే. ఫిబ్రవరి 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర మంచిదే, తప్పక వేయించాలి. కానీ ఈ పురుగు విషయంలో ఒక్క మోతాదు చాలదు: డాక్టరు సలహాతో రెండు వారాలకు మళ్ళీ, అదీ ఇంటిల్లిపాదికీ వెయ్యాలి.