కిన్నెర మెట్లు

కిన్నెర అనే తీగవాద్యానికి వెదురుబొంగే మెడ. కింద వేలాడే ఎండు సొరబుర్రలు నాదాన్ని పెంచుతాయి. మెట్లను తేనెమైనంతో అతికిస్తారు. అలంకారానికి అద్దాలు, నెమలి ఈకలు. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీటుతూ పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథ పాడతారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అదే ఏడు ‘భీమ్లా నాయక్’ సినిమా ఆ గొంతును ఊరూరా వినిపించింది. పురస్కారం కన్నా సినిమా పాటే ఎక్కువమందికి చేరిందేమో!

ఇలాంటి జానపద నాదాన్ని దాచే ప్రయత్నం అమెరికాలోనూ జరిగింది: మిసిసిపి పల్లెల్లో బ్లూస్ గిటారును జానపద సంగీత సేకర్త అలన్ లోమాక్స్ 1941లో రికార్డు చేశాడు. రికార్డులో పాట దక్కుతుంది. కిన్నెరకు బుర్రను ఎంచే చూపు, మెట్టు అతికే ఒడుపు మాత్రం పక్కన కూర్చుని నేర్వాల్సినవే. కర్ణాటకకూ కిన్నెర నాదం పరాయిదేమీ కాదు: అక్కడ కిన్నరి జోగులు దీని తోబుట్టువైన కిన్నరి మీటుతూ కథలు పాడతారు.